గేమ్‌లో ఇరుక్కుపోయారా? గైడ్లు, చీట్లు ఏ వరుసలో, ఎంతవరకు వాడాలి

"ఒకే బాస్ (దారికి అడ్డుగా నిలిచే పెద్ద శత్రువు) దగ్గర మూడు రోజులుగా ఉన్నాను, చీట్ పెట్టేయనా?" అని ఒకరు అడుగుతారు. "గైడ్ చూస్తూ ఆడాను, గేమ్ మీద ఇంట్రెస్టే పోయింది" అని ఇంకొకరు అంటారు. ఈ రెండూ పదే పదే వస్తున్నాయి కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. గైడ్ చూడటం తప్పా ఒప్పా అనే చర్చ జోలికి వెళ్లను, గేమ్ మీది, టైమ్ మీది. కదలడానికి ఎంత సాయం కావాలో అంతే తీసుకోవడం ఎలా, అది కూడా సేవ్ పాడవకుండా, కథ ముందే తెలిసిపోకుండా ఎలా అన్నదే ఇక్కడ విషయం.

ముందే ఒక మాట. చీట్ల గురించి చెప్పేదంతా ఒంటరిగా ఆడే గేమ్‌లకే వర్తిస్తుంది. అవతల ఇంకో మనిషి ఆడుతున్న గేమ్ సంగతి 9వ భాగంలో ఉంది.

1. అసలు ఎక్కడ ఇరుక్కున్నారో తేల్చుకోండి

అందరూ "స్టక్ అయ్యాను" అనే అంటారు కానీ అందులో ఐదారు రకాలున్నాయి, ఒక్కోదానికి మందు వేరు. దారి తెలియనివాడు గాడ్ మోడ్ (ఎన్ని దెబ్బలు తగిలినా చావకుండా చేసే చీట్) పెట్టుకుంటే చావకుండా అక్కడక్కడే తిరుగుతాడు, అంతే.

- ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు: మీకు కావాల్సింది మ్యాప్, లేదా ఒక్క వాక్యం హింట్.
- పజిల్ విడటం లేదు: మెట్టుమెట్టుగా వచ్చే హింట్లు కావాలి. పూర్తి జవాబు చివరి సంగతి.
- ఏం చేయాలో తెలుసు, చేతికి రావడం లేదు: వీడియో, ప్రాక్టీసు, లేదా సెట్టింగ్స్‌లో చిన్న సర్దుబాటు.
- బలం చాలడం లేదు: వేరే చోటికి వెళ్లి లెవెల్, ఆయుధం పెంచుకుని రావాలి.
- గేమే ఆగిపోయింది: రావాల్సిన మనిషి రాడు, తెరుచుకోవాల్సిన తలుపు తెరుచుకోదు. ఇది బగ్. ఎంత తెలివి పెట్టినా లాభం లేదు.
- విసుగొచ్చింది: దీనికి గైడ్ లేదు, వేరే గేమ్ ఆడండి.

నాలుగో రకాన్ని మూడో రకం అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఎల్డెన్ రింగ్‌లో స్టార్మ్‌వీల్ కోట ముందు మార్గిట్ అనే బాస్ దగ్గర ఎంతమంది ఆగిపోయారో లెక్కే లేదు. వాళ్లలో చాలామందికి కావాల్సింది దెబ్బ తప్పించుకునే విద్య కాదు, దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులా అంతా ఒక చుట్టు చుట్టి, నాలుగు లెవెల్స్ పెంచుకుని, స్మితింగ్ స్టోన్స్‌తో కత్తికి పదును పెట్టుకుని రావడం. బాస్ హెల్త్ బార్ ఎంత కొట్టినా గోరంతే తగ్గుతుంటే, వాడి ఒక్క దెబ్బకి మీరు పోతుంటే, అది బలం సమస్య.

2. గైడ్ తెరిచే ముందు చేయాల్సిన పని

ఇది పది, పదిహేను నిమిషాల పని. సగం సార్లు ఇక్కడితోనే తేలిపోతుంది.

- క్వెస్ట్ లాగ్, జర్నల్ (గేమ్ మీకిచ్చిన పనుల చిట్టా) ఏదుంటే అది మొదటి నుంచి చదవండి. హడావిడిగా దాటేసిన డైలాగ్‌లోనే దారి చెప్పి ఉంటారు.
- ఇన్వెంటరీలో, అంటే మీ సంచిలో, ఉన్న ప్రతి వస్తువు వివరణ చదవండి.
- చివరిగా దొరికిన వస్తువు, చివరిగా నేర్చుకున్న పవర్ గుర్తు తెచ్చుకోండి. చాలా గేమ్‌లు కొత్తది ఇచ్చిన వెంటనే దాన్నే వాడించే చోటు పెడతాయి.
- ముందు తెరవలేకపోయిన తలుపులు, ఎక్కలేకపోయిన గోడలు ఒకసారి చూసి రండి.
- బ్రైట్‌నెస్ పెంచండి, సౌండ్ పెట్టండి.
- సేవ్ చేసి, గేమ్ మూసి, మళ్లీ తెరవండి.

బ్రైట్‌నెస్ అంటే నవ్వొచ్చు. నేను రెండు సాయంత్రాలు ఒకే గదిలో గోడలన్నీ తడుముతూ తిరిగాను, తీరా చూస్తే మూలన నిచ్చెన ఉంది, గోడ రంగులోనే, నా స్క్రీన్ చీకటిలో కలిసిపోయి. సెట్టింగ్స్‌లో "ఈ గుర్తు కనీకనిపించనట్టు ఉండాలి" అని చూపించే స్లైడర్‌ను మొదటి రోజే దాటేశాను మరి.

ఇంకో సంగతి, నిద్రపోయి లేచి ఆడి చూడండి. ముఖ్యంగా బాస్ దగ్గర. అలసిపోయిన చేతులతో ముప్పయ్యోసారి చేసే ప్రయత్నం మొదటిదాని కన్నా హీనంగా ఉంటుంది.

3. సేవ్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి

చీట్ వాడినా వాడకపోయినా ఇది చేయండి, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

గేమ్‌లో వేర్వేరు సేవ్ స్లాట్లు ఉంటే ఒకే స్లాట్ మీద మళ్లీ మళ్లీ సేవ్ చేయడం మానేయండి. కనీసం మూడు స్లాట్లు తిప్పుతూ వాడండి. ప్రతి పెద్ద ఘట్టం ముందు, అంటే కొత్త ఊరు, వెనక్కి రాలేరంటూ హెచ్చరించే తలుపు, బాస్ గది, వీటి ముందు ఒక కొత్త సేవ్.

పీసీలో అయితే ఫైల్‌నే కాపీ చేసుకోవచ్చు:

1. గేమ్ పూర్తిగా మూసేయండి. నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైల్ రావచ్చు.
2. సేవ్ ఫోల్డర్ కనుక్కోండి. విండోస్‌లో ఎక్కువగా డాక్యుమెంట్స్ లోపల మై గేమ్స్‌లో గానీ, యాప్‌డేటాలో గానీ ఉంటుంది. యాప్‌డేటా మామూలుగా కనపడదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైళ్లు చూపించు అనే ఆప్షన్ పెట్టాలి.
3. ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, తేదీ, ఎక్కడ ఉన్నారో పేరుగా పెట్టండి. "కొత్త ఫోల్డర్ 2" అని వదిలేస్తే నెల తర్వాత మీకే అర్థం కాదు.
4. వెనక్కి పెట్టేటప్పుడు ముందు స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు కొని ఆడుకునే యాప్) ఆ గేమ్ ప్రాపర్టీస్ తెరిచి క్లౌడ్ సేవ్, అంటే ఇంటర్నెట్‌లో దాచే సేవ్ కాపీ, ఆపండి. లేకపోతే మీరు పెట్టిన పాత ఫైల్ మీదకి క్లౌడ్‌లోని చెడిపోయిన ఫైల్ మళ్లీ వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది.

నాలుగోది మర్చిపోయి "బ్యాకప్ పనిచేయలేదు" అనేవాళ్లు చాలామంది. బ్యాకప్ పనిచేసింది, క్లౌడ్ దాన్ని తుడిచేసింది.

కన్సోల్‌లో, ఫోన్‌లో ఫైల్ నేరుగా చేతికి దొరకడం కష్టం కాబట్టి స్లాట్ల మీదే ఆధారపడాలి. ఎల్డెన్ రింగ్ లాంటి వాటిలో గేమ్ తనంతట తానే ఒకే చోట సేవ్ చేసుకుంటూ పోతుంది, అక్కడ వెనక్కి పోయే దారే లేదు. అలాంటి గేమ్‌లో వెనక్కి తీసుకోలేని పని చేసే ముందు ఇంకాస్త ఆలోచించండి.

4. సాయం తీసుకునే వరుస

పైనుంచి కిందికి రండి. పని జరిగిన మెట్టు దగ్గర ఆగిపోండి.

మొదటి మెట్టు, గేమ్‌లోనే ఉన్న సాయం. ఇది ఉందని కూడా చాలామందికి తెలియదు. ఔటర్ వైల్డ్స్‌లో ఓడలోని లాగ్ తెరిస్తే, ఏ చోట ఇంకా చూడాల్సింది మిగిలి ఉందో అదే చెబుతుంది. రిటర్న్ టు మంకీ ఐలాండ్‌లో ఇన్వెంటరీలోనే హింట్ పుస్తకం ఉంది, మొదట చిన్న సూచన ఇచ్చి, అడిగే కొద్దీ విడమరుస్తుంది. మెషినేరియంలో జవాబు పేజీ తెరవాలంటే ముందు ఒక చిన్న ఆట గెలవాలి, ఆ విసుగుకే సగంమంది మళ్లీ ఆలోచించడం మొదలుపెడతారు. న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీలో ఒకే లెవెల్‌లో 8 సార్లు పోతే ఆకుపచ్చ బ్లాక్ వస్తుంది, దాన్ని కొడితే లూయిజీ ఆ లెవెల్ ఆడి చూపిస్తాడు.

రెండో మెట్టు, ఆడే పరికరం ఇచ్చే సాయం. స్టీమ్‌లో షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే వచ్చే ఓవర్‌లేలో ఆ గేమ్ గైడ్లు, బ్రౌజర్, నోట్స్ అన్నీ ఉంటాయి, గేమ్ మూయక్కర్లేదు. పీఎస్5లో కొన్ని గేమ్‌లకు గేమ్ హెల్ప్ ఉంది, ప్లేస్టేషన్ ప్లస్ చందా ఉన్నవాళ్లకు. మీరున్న ఘట్టానికి సంబంధించిన ముక్క మాత్రమే చూపిస్తుంది కాబట్టి కథ బయటపడే భయం తక్కువ.

మూడో మెట్టు, విడతల వారీ హింట్లు. యూనివర్సల్ హింట్ సిస్టమ్ అని ఒక పాత సైట్ ఉంది, దాంట్లో మీ ప్రశ్న ఎంచుకుంటే ఒక్కో హింట్ ఒక్కోసారి తెరుచుకుంటుంది. అడ్వెంచర్ గేమ్‌లకు నా దృష్టిలో దీన్ని మించిన పద్ధతి లేదు.

నాలుగోది, ఆ గేమ్ ఆడేసిన ఫ్రెండ్. "జవాబు చెప్పొద్దు, నేను సరైన గదిలో ఉన్నానా లేదా అది చెప్పు చాలు" అని అడగండి. అవును, కాదు అనే జవాబుతో ఎంత పని జరుగుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

ఐదోది, అక్షరాల్లో రాసిన గైడ్. ఆరోది, వీడియో. ఆ తర్వాతే సెట్టింగ్స్ మార్చడం, అదీ చాలకపోతే చీట్.

చేతికి రాని రకం ఇరుకు అయితే మాత్రం ఈ వరుస మారుతుంది. అక్కడ రాసిన గైడ్ పెద్దగా పనికిరాదు, నేరుగా వీడియోకి వెళ్లండి. దెబ్బ ఏ క్షణంలో వస్తుందో ఎంత బాగా రాసినా కంటితో చూసినట్టు ఉండదు.

5. కథ తెలిసిపోకుండా వెతకడం

స్పాయిలర్లు గైడ్‌లో కన్నా గైడ్ దాకా వెళ్లే దారిలోనే ఎక్కువ. సెర్చ్ బాక్స్‌లో ఒక పాత్ర పేరు కొట్టానో లేదో, కింద వచ్చిన సూచనల్లో "ఆమెను ఎవరు చంపారు" అని వచ్చేసింది. నేను అప్పటికి ఆమెతో కలిసి తిరుగుతున్నాను.

- పాత్ర పేరుతో వెతకొద్దు. చోటు పేరుతో, మిషన్ పేరుతో, తలుపు లేదా వస్తువు పేరుతో వెతకండి.
- మాట బయట ఎక్కడో టైప్ చేసి, మొత్తం కాపీ చేసి సెర్చ్‌లో పేస్ట్ చేయండి, సూచనలు చూడకుండా ఎంటర్ కొట్టేయండి.
- గేమ్ పేరును, మిషన్ పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టండి.
- గేమ్ పేరు పక్కన వెర్షన్, పరికరం కూడా రాయండి. మైన్‌క్రాఫ్ట్ అయితే జావానా బెడ్‌రాకా అన్నది తప్పనిసరి, కమాండ్లు, రెడ్‌స్టోన్ పద్ధతులు తేడాగా ఉంటాయి.
- వీడియో సైట్‌లో వెతికితే పక్క వరుసలో వచ్చే బొమ్మలు చూడొద్దు. వీడియోను వెంటనే ఫుల్ స్క్రీన్ చేయండి, ఆటోప్లే ఆపండి.
- గేమ్ వికీలో పాత్ర పేజీ తెరవొద్దు. పక్కన ఉండే చిన్న పెట్టెలోనే బతికి ఉన్నాడా చచ్చాడా అని రాసి ఉంటుంది.

గైడ్ తేదీ కూడా చూడండి. గేమ్‌లు ఇప్పుడు అప్‌డేట్‌లతో మారుతూనే ఉంటాయి. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది, మార్చిలో వచ్చిన 1.03 అప్‌డేట్‌తోనే మ్యాప్ మీద మనుషుల గుర్తులు చేరాయి, కొందరి క్వెస్ట్‌లు పొడిగించారు. మొదటి వారంలో రాసిన గైడ్ పట్టుకుని "ఇక్కడితో ఆ క్వెస్ట్ అయిపోతుంది" అని నమ్మితే మిగతాది పోగొట్టుకుంటారు.

6. గైడ్ చదివే పద్ధతి

గైడ్‌ను పక్కన తెరిచి పెట్టుకుని లైన్ లైన్ చదువుతూ ఆడితే మీరు గేమ్ ఆడటం లేదు, ఎవరో రాసిన చిట్టా పూర్తి చేస్తున్నారు. ఇలా చేయండి:

1. మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. "మూడో అంతస్తులో ఎర్ర తాళం చెవి ఎక్కడ?" లాగా. వాక్యం రాయలేకపోతే ఎక్కడ ఇరుక్కున్నారో మీకే తెలియదు, 1వ భాగానికి వెళ్లండి.
2. గైడ్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కి ఆ మాట వెతకండి. గేమ్‌ఎఫ్‌ఏక్యూస్‌లోని పాత గైడ్లలో విషయసూచిక పక్కన చిన్న కోడ్‌లు ఉంటాయి, ఆ కోడ్ వెతికితే నేరుగా ఆ భాగానికే దూకుతారు, మధ్యలోది కంట పడదు.
3. మీరు ఇప్పటికే చేసిన పని కనపడే దాకా పైకి వెళ్లండి. అక్కడి నుంచి కిందికి ఒక్కో లైన్ చదవండి, కింద భాగాన్ని చేత్తోనో కాగితంతోనో మూసుకుని. అవును, స్క్రీన్ మీద కాగితం. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.
4. కొత్త విషయం తెలిసిన వెంటనే ట్యాబ్ మూసేయండి. తర్వాత ఏముందో అని కన్ను జారుతుంది, జారనివ్వకండి.
5. చేసి చూడండి. కాకపోతేనే మళ్లీ తెరవండి.

వీడియో అయితే చాప్టర్లు చూసి నేరుగా ఆ చోటికి వెళ్లండి. యూట్యూబ్‌లో ఆపి ఉంచి కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కి ముందుకి కదులుతుంది, జంప్ ఏ క్షణంలో మొదలుపెట్టాలో దీనితో తేలిపోతుంది. వేగం 0.25కి తగ్గించి చూడొచ్చు.

పజిల్ గేమ్‌ల గురించి విడిగా చెప్పాలి. ఔటర్ వైల్డ్స్ లాంటి దాంట్లో లెవెల్స్ పెరగవు, ఆయుధాలు రావు, మీకు పెరిగేది తెలిసిన విషయం ఒక్కటే. దాన్ని గైడ్‌లో చదివేస్తే అది మళ్లీ మీరు కనుక్కోలేరు, సేవ్ డిలీట్ చేసి మొదటి నుంచి ఆడినా సరే. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ కూడా అంతే. అది మూడేసి మనుషుల సంగతి కరెక్ట్ అయినప్పుడు ఖాయం చేస్తుంది కాబట్టి, ఇద్దరి విషయం గట్టిగా తెలిస్తే మూడోవాడిని ఊహించి మార్చి మార్చి చూడొచ్చు. నా లెక్కలో అది గైడ్ చూడటం కన్నా ఎంతో నయం.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి, ఒకసారి దాటితే మళ్లీ దొరకని వస్తువులు. ఫైనల్ ఫాంటసీ 12 మొదటి వెర్షన్‌లో మామూలుగా కనిపించే కొన్ని పెట్టెలు తెరిస్తే, తర్వాత ఒక చోట దొరకాల్సిన జోడియాక్ స్పియర్ అక్కడ దొరకదు. ఇది ఏ తెలివితోనూ ఊహించలేరు. అన్నీ సంపాదించాలనే పట్టుదల ఉన్నవాళ్లు ప్రతి అధ్యాయం ముందు స్పాయిలర్ లేని "మిస్సబుల్" లిస్టు ఒక్కటి చూసుకోండి. నాకైతే ఆ పట్టుదల లేదు, పోతే పోనివ్వండి అంటాను.

7. బాస్ దగ్గర ఆగిపోతే

గాడ్ మోడ్ దాకా వెళ్లే ముందు ఇది చేసి చూడండి.

మొదటి ఐదు ప్రయత్నాలు గెలవడానికి ఆడొద్దు. ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా ఎంతసేపు బతకగలరో చూడండి. వాడి దెబ్బలు ఎన్ని రకాలు, ప్రతిదానికి ముందు ఏ సైగ చేస్తాడు, ఏ దెబ్బ తర్వాత ఆయాసపడతాడు, ఇవి రాసుకోండి. తర్వాతి ఐదులో ఆ ఆయాసపడే క్షణంలో ఒక్కటే దెబ్బ కొట్టి వెనక్కి రండి. రెండో దెబ్బకి ఆశపడటం వల్లే ఎక్కువమంది పోతారు, నేనూ అంతే.

ఇంకా గెలవకపోతే చూసుకోవాల్సినవి:

- దేనికి ఎక్కువ లొంగుతాడు? నిప్పా, కరెంటా, విషమా?
- మీరు వేసుకున్న బరువు వల్ల నెమ్మదిగా దొర్లుతున్నారా?
- వాడకుండా దాచుకున్న మందులు, బాంబులు ఎన్ని? గేమ్ అయిపోయేదాకా దాచి ఏం చేస్తారు?
- ఈ బాస్ ఇప్పుడే కావాలా, పక్క దారి ఉందా?
- సాయానికి ఎవరినైనా పిలవొచ్చా?

వీడియో చూస్తే మీ లెవెల్, మీ ఆయుధంతో ఆడినవాళ్లది చూడండి. దెబ్బ తగలకుండా గెలిచిన మొనగాడి వీడియో చూసి నేర్చుకునేది పెద్దగా ఉండదు, నిరుత్సాహం తప్ప.

8. ముందు సెట్టింగ్స్, ఆ తర్వాతే చీట్

చీట్ చేయాల్సిన పనిని చాలా గేమ్‌లలో మెనూనే చేస్తుంది. గేమ్ చేసినవాళ్లే పెట్టారు కాబట్టి సేవ్ పాడవదు. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ పెడితే గేమ్ వేగాన్ని 50 శాతం దాకా తగ్గించుకోవచ్చు. హేడీస్‌లో గాడ్ మోడ్ అంటే పేరుకే గాడ్, మొదట 20 శాతం దెబ్బ తగ్గిస్తుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం కలుపుతూ 80 దగ్గర ఆగుతుంది, అంటే మీకు ఎంత కావాలో అంతే ఇస్తుంది. 2018 నాటి స్పైడర్‌మ్యాన్‌లో, ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో పజిల్స్ దాటేసే ఆప్షన్ ఉంది. ఇవన్నీ గేమ్ మెనూల్లోనే ఉంటాయి, మనం తెరవం, అదీ బాధ.

డిఫికల్టీ తగ్గిస్తే ఆ ఒక్క చోటు దాటాక వెనక్కి పెంచుకోవచ్చో లేదో ముందే చూడండి. కొన్నింటిలో కుదరదు.

ఇవేవీ చాలకపోతే చీట్. దానికీ ఒక పద్ధతి ఉంది, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయకుండా ఉండటం. డూమ్‌లో దారి తప్పితే అజేయుడయ్యే ఐ-డి-డి-క్యూ-డి దేనికి, మ్యాప్ తెరిచి ఐ-డి-డి-టి కొడితే లెవెల్ మొత్తం కనపడుతుంది, పోరాటం మీకే మిగులుతుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో కలప చాలకపోతే లంబర్‌జాక్ అని కొట్టండి, కలప ఒక్కటే వస్తుంది, బంగారం జోలికి పోనక్కర్లేదు. స్కైరిమ్‌లో రాళ్ల మధ్య నిజంగానే ఇరుక్కుపోతే, పీసీలో కన్సోల్ (ఇక్కడ ఆడే పరికరం కాదు, గేమ్‌లో కమాండ్లు టైప్ చేసే పెట్టె) తెరిచి టీ-సీ-ఎల్ కొడితే గోడల్లోంచి నడిచి బయటపడొచ్చు, మళ్లీ అదే కొడితే మామూలు అవుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో దారి తప్పడమే బాధ అయితే కోఆర్డినేట్స్ చూడటం చీట్ కిందకి రాదు, జావాలో ఎఫ్3 నొక్కండి, బెడ్‌రాక్‌లో సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి.

చీట్ పెట్టే వరుస:

1. కొత్త స్లాట్‌లో సేవ్ చేయండి. దీని పేరు "చీట్ ముందు".
2. ఆ చీట్ వల్ల అచీవ్‌మెంట్లు (ట్రోఫీలు అని కూడా అంటారు, ఏదైనా సాధిస్తే వచ్చే గుర్తింపులు) పోతాయా చూడండి. జీటీఏ 5లో చీట్ పెడితే ట్రోఫీలు రావడం ఆగిపోతుంది. మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్‌లో ఒక ప్రపంచంలో చీట్లు ఆన్ చేస్తే అందులో ఇక అచీవ్‌మెంట్లు రావు, తర్వాత ఆఫ్ చేసినా సరే. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌లో మోడ్లు (గేమ్‌ను మార్చడానికి ఆటగాళ్లు చేసిన ఫైళ్లు) పెడితే అదే సంగతి.
3. ఒక్క చీటే పెట్టండి. నాలుగు కలిపి పెడితే ఏది చెడగొట్టిందో తెలియదు.
4. ఆ చోటు దాటండి.
5. చీట్ తీసేయండి. తీసే కోడ్ లేకపోతే సేవ్ చేయొద్దు.
6. కాసేపు నడవండి, ఎవరితోనైనా మాట్లాడండి, ఒక తలుపు తెరవండి. అంతా మామూలుగా ఉంటే అప్పుడు, అది కూడా కొత్త స్లాట్‌లో, సేవ్ చేయండి.

ఐదోది నేను పాటించలేదు. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో హెసోయామ్ పెడితే హెల్త్, ఆర్మర్, 2,50,000 డాలర్లు వస్తాయి, అంతవరకు హాయే. ఆ ఊపులో రోడ్డు మీద జనాన్ని రెచ్చగొట్టే చీట్ కూడా పెట్టి, నవ్వుకుని, సేవ్ చేశాను. చీట్లు వాడారు, సేవ్ చేయకపోవడం మంచిదని ఆ గేమే హెచ్చరిస్తుంది, నేను చదవకుండా ఓకే కొట్టాను. వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లలో ఈ రకం చీట్లు కొన్ని సేవ్‌లో ఉండిపోతే తీయడం కుదరదు. నేను వాడుతున్నది ఒకే స్లాట్. మొదటి మిషన్ నుంచి మళ్లీ ఆడాను.

క్వెస్ట్‌ను బలవంతంగా ముందుకు నెట్టే కమాండ్లు, స్కైరిమ్‌లో సెట్‌స్టేజ్ లాంటివి, బగ్ వల్ల ఆగినప్పుడు మాత్రమే వాడండి. మధ్య మెట్టు దాటేస్తే ఆ మెట్టులో జరగాల్సిన పని జరగదు, పది గంటల తర్వాత ఎక్కడో ఇంకో తలుపు తెరుచుకోదు.

9. డౌన్‌లోడ్లు, ఆన్‌లైన్

ట్రైనర్ అంటే నడుస్తున్న గేమ్ మెమొరీలోకి దూరి అంకెలు మార్చే ప్రోగ్రామ్. చేసే పనే అది కాబట్టి యాంటీవైరస్ అరుస్తుంది. అసలు చిక్కేంటంటే, నిజమైన వైరస్ కూడా "అది తప్పుడు అలారం, యాంటీవైరస్ ఆపేయండి" అనే చెబుతుంది, బయటి నుంచి తేడా కనిపెట్టడం మీకూ నాకూ కష్టం. నా పద్ధతి ఇది: గేమ్‌లోనే కోడ్ ఉంటే అది, లేకపోతే కన్సోల్ కమాండ్, అదీ లేకపోతే చాలా ఏళ్లుగా అందరూ వాడుతున్న మోడ్ సైట్‌లోది, అదీ లేకపోతే ఆ చోటు వదిలేయడం.

దగ్గరికి కూడా పోకూడనివి:

- "ఉచిత డైమండ్లు, కాయిన్లు" జనరేటర్లు. ఆ లెక్క కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, బయటి పేజీ దాన్ని మార్చలేదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్, "మనిషేనని నిరూపించండి" అని అడగడానికే అది ఉంది.
- జీటీఏ 5 డబ్బు చీట్. ఆ గేమ్‌లో అలాంటిది లేదు. ఉందన్నవాడు మీతో ఏదో డౌన్‌లోడ్ చేయించాలని చూస్తున్నాడు.
- గేమ్ ఖాతాతో లాగిన్ అవ్వమనే మోడ్ ఏపీకేలు (ఎవరో మార్చిన ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు).

ఇక ఆన్‌లైన్. ఎదురుగా మనుషులున్న గేమ్‌లో చీట్ వాడొద్దు. వాళ్ల ఆట చెడుతుంది, మీ ఖాతా పోతుంది. స్టీమ్‌లో చీట్లు పట్టే వ్యవస్థ వేసే వ్యాక్ బ్యాన్ పడితే శాశ్వతం, బతిమాలినా తీయరు. సింగిల్ ప్లేయర్ కోసం పెట్టిన ట్రైనర్ వెనకాల నడుస్తుండగా మర్చిపోయి ఆన్‌లైన్ గేమ్ తెరిచినా ప్రమాదమే, అందుకే మూసేశాక టాస్క్ మేనేజర్‌లో ఒకసారి చూసుకోండి. ఆన్‌లైన్ గేమ్‌లో గైడ్లు చూడటం, మ్యాప్ నేర్చుకోవడం, ట్రైనింగ్ రూమ్‌లో ప్రాక్టీస్ చేయడం, మీ పాత మ్యాచ్ రికార్డింగ్ చూసుకోవడం, ఇవి ఎన్నైనా చేయొచ్చు.

10. మామూలుగా జరిగే తప్పులు, దిద్దుకునే దారులు

గైడ్ ప్రకారం చేశాను, వస్తువు అక్కడ లేదు. ముందు వెర్షన్ చూడండి, తర్వాత డిఫికల్టీ, ఆ తర్వాత మీరు ముందు చేసిన ఎంపిక. చాలా గేమ్‌లలో ఒకరికి సాయం చేస్తే ఇంకొకరు కనపడరు. అన్నీ సరిపోతే ఇంతకుముందే తీసుకుని అమ్మేశారేమో చూడండి, ఇది నవ్వులాట కాదు, తరచూ జరిగేదే.

గేమ్ నిజంగానే ఆగిపోయిందని ఎలా తెలుస్తుంది? ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులు అదే చోట అదే జరిగిందని రాసి ఉంటే బగ్ అయ్యే అవకాశం ఎక్కువ. చెక్‌పాయింట్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి, ఆ ప్రాంతం వదిలి తిరిగి రండి, గేమ్ ఫైళ్లు వెరిఫై చేయండి, మోడ్లు తీసి చూడండి, చివరికి పాత సేవ్. పాత అడ్వెంచర్ గేమ్‌లలో బగ్ లేకుండానే దారి మూసుకుపోతుంది. కింగ్స్ క్వెస్ట్ 5లో కస్టర్డ్ పై తినేస్తే, తర్వాత మంచు రాక్షసుడి మీద విసరడానికి ఏమీ మిగలదు, ఆట ముందుకు పోదు. అలాంటి గేమ్ ఆడుతుంటే స్లాట్లు మూడు కాదు, పది పెట్టుకోండి.

ఒక్కసారి గైడ్ తెరిచాక ప్రతి చిన్నదానికి తెరుస్తున్నాను. బుక్‌మార్క్ తీసేయండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. తర్వాతి చోట ఇరుక్కుంటే 20 నిమిషాల టైమర్ పెట్టుకుని, అది మోగాకే గైడ్ అని పెట్టుకోండి.

అనుకోకుండా పెద్ద స్పాయిలర్ చూసేశాను. రెండు మూడు వారాలు గేమ్ పక్కన పెట్టండి. సగం మర్చిపోతారు, మిగతా సగం మీరు అనుకున్నట్టు ఉండకపోవచ్చు కూడా, ఎందుకంటే ముందూ వెనకా తెలియకుండా చూసిన ముక్కను మనం తరచూ తప్పుగానే అర్థం చేసుకుంటాం.

చీట్ పెట్టి బాస్‌ను దాటాను, ఇప్పుడు వచ్చేవాళ్లంతా ఇంకా కష్టంగా ఉన్నారు. ఆ బాస్ నేర్పాల్సింది నేర్చుకోకుండా దాటారు కాబట్టి అలాగే ఉంటుంది. "చీట్ ముందు" సేవ్ లోడ్ చేయండి, ఈసారి చీట్ పెట్టి చంపకుండా, దెబ్బ తగలని ధైర్యంతో అరగంట వాడి ఎదురుగా నిలబడి సైగలన్నీ గుర్తుపెట్టుకోండి, సేవ్ చేయకుండా బయటికి వచ్చేయండి, మళ్లీ లోడ్ చేసి మామూలుగా ఆడండి.